శుభం కార్డు లేని కాలక్షేపం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం "ఇంటరాక్టివ్ మీడియా – మన తీరిక సమయం". టెలిఫోను శాఖలో పనిచేసినవాడు గదా, ఫోను సంగతులు ఇతనికే తెలుస్తాయి అని వారు అనుకొని ఉంటారు. నేను ఆ శాఖలో 37 ఏళ్లు పనిచేసిన మాట నిజం. కాని నేను చేరిన రోజుల్లో ఫోనుకు మాట్లాడటం ఒక్కటే తెలుసు. ఇప్పటి ఫోనుకు మాట్లాడటం తప్ప మిగతావన్నీ ఎక్కువ తెలుసు. అందుచేత నేను ఈ రోజు సాంకేతిక నిపుణుడిగా కాక, మీ వంటి ఒక పింఛనుదారుగానే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందుగా ఈ మాటకు అర్థం చెప్పుకుందాం. రేడియో చెబుతుంది, మనం వింటాం. పత్రిక రాస్తుంది, మనం చదువుతాం. టీవీ చూపిస్తుంది, మనం చూస్తాం. వీటిలో రాకడే గాని పోకడ లేదు. ఇంటరాక్టివ్ మీడియా అలా కాదు. అది చూపిస్తుంది, మన జవాబు తీసుకుంటుంది, ఆ జవాబును బట్టి తరువాతది చూపిస్తుంది. తెలుగులో "బదులు పలికే మాధ్యమం" అనుకుందాం. వాట్సాప్, యూట్యూబ్, ఫేస్‌బుక్, ఫోనులో ఆటలు, వీడియో కాల్స్ అన్నీ ఈ జాతివే. మనం వేలితో తాకిన ప్రతిసారీ దానికి ఒక జవాబు ఇచ్చినట్టే.

బదులు పలకడం మనకు కొత్త కాదు

మిత్రులారా, ఇదేదో విదేశాల నుంచి నిన్నగాక మొన్న దిగిన వింత అనుకోనక్కరలేదు. మన అష్టావధానం ఏమిటి? ఎనిమిదిమంది పృచ్ఛకులు అడుగుతుంటే అవధాని గారు అక్కడికక్కడ బదులు చెబుతారు. సమస్య ఇచ్చేవారు ఒకరు, నిషిద్ధాక్షరి వారు ఒకరు, అప్రస్తుత ప్రసంగం చేసి నవ్వించేవారు మరొకరు. సభ అడిగినదాన్ని బట్టే ఆ పూట పద్యం పుడుతుంది. హరికథలో దాసు గారు మధ్యలో ఆగి సభ చేత గోవింద కొట్టించడం మనలో చాలామంది చిన్నప్పుడు చూసినదే.

రేడియో వచ్చాక కూడా మనం ఊరికే కూర్చోలేదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. వివిధ భారతి 1957 అక్టోబరు 3న మొదలైంది. పాట కోరుతూ కార్డు ముక్క రాయడం, అది ఎప్పుడు చదువుతారా అని వారాల తరబడి ఎదురుచూడటం, మన పేరు తప్పు చదివినా సరే వీధంతా చెప్పుకోవడం ఒక ముచ్చట. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అక్కయ్య కామేశ్వరి గారు పిల్లలనే మైకు ముందు నిలబెట్టి పాడించారు.

1956లో పూనా ఆకాశవాణి వారు యునెస్కో సహాయంతో మహారాష్ట్రలో సుమారు 150 గ్రామాల్లో ఒక ప్రయోగం చేశారు. ఊరికొక రైతు బృందం. అందరూ ఒకచోట కూర్చొని వ్యవసాయ కార్యక్రమం వినాలి. రేడియో కట్టేసి దాని మీద చర్చించాలి. సందేహాలు రాసి కేంద్రానికి పంపాలి. తరువాతి ప్రసారాల్లో వాటికి జవాబు వచ్చేది. ఆ ప్రయోగంలో నాకు నచ్చినది రేడియో కాదు, రేడియో కట్టేసిన తరువాత జరిగిన చర్చ. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోమని మనవి. దీని అవసరం నాకు చివర్లో వస్తుంది.

వీధి నుంచి అరచేతికి

మన దేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించారు. ఊరికంతటికీ ఒకే టీవీ. 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. 1982లో రంగులు వచ్చాయి. 1987 జనవరిలో రామాయణం మొదలైంది. భాష హిందీ అయినా ఆదివారం పొద్దున్న మన వీధులు నిర్మానుష్యం. టీవీ ఉన్నవారింట చాప పరిచి, పక్కింటివారికి కూడా కాఫీలు కలిపిన ఇల్లాళ్లు ఈ సభలోనే ఉన్నారు. 1995లో తెలుగు ప్రైవేటు ఛానళ్లు వచ్చాయి. అదే ఏడు ఆగస్టు 15న ఇంటర్నెట్టు ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. యూట్యూబ్ 2005లో, వాట్సాప్ 2009లో పుట్టాయి. 2016 సెప్టెంబరులో జియో రంగంలోకి దిగాక డేటా ధర పడిపోయి, ఫోనులో సినిమా చూడటం కూలీ నాలీ చేసుకునేవారికి కూడా అందింది.

ఈ ప్రయాణాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే ఊరికొకటి, వీధికొకటి, ఇంటికొకటి, గదికొకటి, ఇప్పుడు అరచేతికొకటి. ప్రతి మెట్టులోనూ మన ఇష్టానికి వీలు పెరిగింది, మన పక్కన కూర్చునేవారు తగ్గారు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దూరదర్శన్ వారు అదే రామాయణాన్ని మళ్లీ వేశారు. చాలా ఇళ్లలో చూశారు. కాని ఈసారి ఒకరు టీవీలో, ఒకరు ఫోనులో, ఒకరు "నేను తర్వాత చూసుకుంటాలే" అన్నవారు. రాముడు ఒక్కడే, చూపులు నాలుగు దిక్కులు.

జాతీయ గణాంక కార్యాలయం వారు మనవాళ్లు రోజులో ఏ పనికి ఎంత సమయం వినియోగిస్తారో 2019లో ఒకసారి, 2024లో ఒకసారి దేశమంతటా సర్వే చేశారు. ఆరేళ్లు, ఆపైన వయసున్నవారు సంస్కృతి, వినోదం, ప్రసార సాధనాలు, ఆటలు అన్నిటికీ కలిపి 2019లో రోజులో 9.9 శాతం వెచ్చించారు. 2024లో అది 11 శాతం అయింది. 24 గంటల్లో లెక్కగడితే రోజుకు సుమారు పావుగంట పెరిగింది. ఇది దేశం మొత్తం మీద సగటు. పనికి వెళ్లేవారు, బడిపిల్లలు అందరూ కలిస్తే వచ్చిన లెక్క. మరి రోజంతా తీరిక ఉన్న మన లెక్క ఎంత? అది ఎవరికి వారే చూసుకోవాలి. ఎలా చూసుకోవాలో కూడా చెబుతాను.

మూడు నిమిషాలు అయ్యాయండీ

నేను 1979లో విజయవాడ ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. ఆనాడు పొరుగూరికి మాట్లాడాలంటే కాల్ బుక్ చేసుకొని కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, మరీ ప్రాణం మీదికొస్తే లైట్నింగ్ కాల్. ఛార్జీ మూడు నిమిషాల లెక్కన. మూడు నిమిషాలు కాగానే మేము మధ్యలోకి వెళ్లి "త్రీ మినిట్స్ ఓవర్, పొడిగించమంటారా?" అని అడిగేవాళ్లం. పెళ్లిచూపుల సంగతి సగంలో ఉన్నా, తండ్రి ఆరోగ్యం సంగతి సగంలో ఉన్నా అడగక తప్పదు. మమ్మల్ని తిట్టుకున్నవారికి లెక్క లేదు. కాని ఆ మాటకు ఒక గుణం ఉండేది. అది వినగానే అవతలి మనిషి ఒక్క క్షణం ఆగి, ఇంకా మాట్లాడాలా, చాలా అని ఆలోచించేవాడు. అసలు విషయం ఆ చివరి అర నిమిషంలోనే చెప్పేవాడు.

ఆలోచిస్తే మన పాత వినోదాలన్నిటికీ అటువంటి గంట ఒకటి ఉండేది. హరికథకు మంగళహారతి. సినిమాకు "శుభం" కార్డు. రేడియో రాత్రికి మూగబోయేది. దూరదర్శన్ కార్యక్రమాలు ముగిశాక తెర మీద చుక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. వార పత్రిక ఆఖరి పేజీతో అయిపోయేది, సీరియల్‌లో "సశేషం" అంటే మళ్లీ వారం దాకా ఆగవలసిందే. శుక్రవారం చిత్రలహరి అయిపోతే మళ్లీ శుక్రవారమే. లేచి భోజనాలకు వెళ్లడమో, పడుకోవడమో తప్ప వేరే దారి లేదు.

ఇప్పటి ఫోనుకు శుభం కార్డు లేదు. వేలితో పైకి తోసిన కొద్దీ కొత్తవి వస్తూనే ఉంటాయి. బావిలో చేద వేసిన ప్రతిసారీ నీరు వచ్చినట్టు, అడుగు కనిపించదు. ఇలా అంతం లేకుండా జారే పద్ధతిని 2006లో రూపొందించినవారు ఎజా రాస్కిన్ అనే అమెరికన్. తరువాతి కాలంలో ఆయనే దీనివల్ల మనుషుల సమయం ఎంత వృథా అవుతోందో చూసి బహిరంగంగా విచారం వెలిబుచ్చారు. యూట్యూబ్‌లో ఒక పాట అయ్యేసరికి మనం అడగకుండానే ఇంకొకటి మొదలవుతుంది. అది మన సౌకర్యం కోసమే అనిపిస్తుంది. కాని "పొడిగించమంటారా?" అని అడిగే ఆపరేటరును అక్కడ తీసేశారు. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. మాధ్యమం మంచిదా చెడ్డదా అని వాదులాడుకోవడం కన్నా, ఆ తీసేసిన గంటను మళ్లీ మనం ఎలా కట్టుకోవాలి అని ఆలోచించడం మేలు.

అవతల ఎవరున్నారు?

ట్రంకు కాల్‌కు మనం డబ్బు కట్టేవాళ్లం, కనుక తక్కువసేపు మాట్లాడేవాళ్లం. ఫేస్‌బుక్, యూట్యూబ్ ఉచితం. ఉచితంగా ఇచ్చేవారికి ఆదాయం ఎక్కడిది? ప్రకటనలది. మనం ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు. మనం ఏ పాట దగ్గర ఆగాం, ఏ వార్త తెరిచాం, దేన్ని సగంలో వదిలేశాం అన్నది ఎప్పటికప్పుడు అవతల నమోదవుతుంది. దాన్ని బట్టి రేపు మనకేం చూపించాలో నిర్ణయమవుతుంది. మోకాళ్ల నొప్పి గురించి ఒక్క వీడియో చూడండి, రెండు రోజుల్లో ఫోనంతా మోకాళ్లే. ఒక భయపెట్టే వార్త చూడండి, లోకమంతా భయమే అనిపిస్తుంది. లోకం మారలేదు, మన జవాబును బట్టి అద్దం మారింది.

2017లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమ పోటీ మనుషుల నిద్రతో అని చెప్పిన సంగతి పత్రికల్లో వచ్చింది. అంతకుముందే 1971లో హెర్బర్ట్ సైమన్ అనే ఆర్థికవేత్త, సమాచారం సమృద్ధిగా ఉన్నచోట మనిషి ధ్యాసకు కరువు వస్తుందని హెచ్చరించారు. ఆయనకు 1978లో నోబెల్ బహుమతి వచ్చింది. మనకు పింఛను నెలకొకసారి వస్తుంది. కాని ధ్యాస అనే పింఛను రోజూ పొద్దున్నే వస్తుంది, సాయంత్రానికి ఖర్చవుతుంది, మర్నాటికి మిగల్చడానికి లేదు. బకాయిలు కూడా ఇవ్వరు.

పేకాట ఒక ఉదాహరణ

మన వయసువారికి బాగా తెలిసిన కాలక్షేపం రమ్మీ. 1967లో సుప్రీంకోర్టు సికిందరాబాదులోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును మన క్లబ్బుల్లో పేక కలిపేటప్పుడు ఎన్నిసార్లు ఉదహరించారో మీకు తెలుసు.

క్లబ్బులో ఆటకు అడ్డుకట్టలు ఎన్నో ఉండేవి. నాలుగో చెయ్యి రాకపోతే ఆట లేదు. కరెంటు పోతే ఆట లేదు. ఇంటి నుంచి పిల్లవాడు "అమ్మ రమ్మంటోంది" అని వస్తే ఆట లేదు. ఓడినవాడి మొహం చూసి గెలిచినవాడే "ఇక చాల్లేవోయ్" అనేవాడు. అదే ఆట ఫోనులోకి వచ్చాక రాత్రి రెండు గంటలకు కూడా ఎవరో ఒక అపరిచితుడు పేక పంచి సిద్ధంగా ఉంటాడు. మన మొహం అతనికి కనబడదు, "చాల్లేవోయ్" అనేవాడు లేడు. ఆట అదే, ముక్కలు పదమూడే, గంట ఒక్కటే లేదు. దానివల్ల ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయో పత్రికల్లో చదివాం. తెలంగాణ ప్రభుత్వం 2017లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమైనా సరే అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం ఒక తలుపు మూస్తుంది. మిగిలిన తలుపులు మనమే మూసుకోవాలి.

మేలు తక్కువేమీ కాదు

ఇంతవరకు విన్నవారు "అయితే ఫోను గోదాట్లో పారేయమంటారా?" అని అడగవచ్చు. అనను. అలా అన్నవాడు కృతఘ్నుడు.

చూపు తగ్గినవారికి అక్షరం పెద్దది చేసి చూపిస్తుంది. వేళ్లు వణికేవారు రాయనక్కరలేదు, 2017 నుంచి గూగుల్‌లో తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మారే వీలు వచ్చింది. అమెరికాలో ఉన్న మనవరాలికి ఇక్కడి నుంచి అమ్మమ్మ గారు వీడియోలో సంగీతం నేర్పుతున్నారు. అది కాలక్షేపం కాదు, గురుత్వం. ఒకప్పుడు ఒక పాత పుస్తకం కోసం వేటపాలెం సారస్వత నికేతనం దాకా వెళ్లవలసి వచ్చేది. ఈనాడు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో స్కాన్ చేసిన ఎన్నో తెలుగు గ్రంథాలను ఇంట్లో కూర్చొని చదువుకోవచ్చు.

అన్నిటికన్నా మించినది ఒకటుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో వ్యాసాలు జీతగాళ్లు రాసినవి కావు, మామూలు మనుషులు తీరిక వేళల్లో రాసినవి. మీ ఊరి చెరువు గురించి, మీరు పనిచేసిన ఆనకట్ట గురించి ఆధారాలతో మీరే చేర్చవచ్చు, తప్పుంటే ఇంకొకరు దిద్దుతారు. బదులు పలికే మాధ్యమం అంటే దాని పూర్తి అర్థంలో ఇది. మనం ఒట్టి ప్రేక్షకులం కాదు, పని చేసేవాళ్లం.

కాబట్టి నేను ఫోనులో గడిపే సమయాన్ని రెండు ఖాతాలుగా రాస్తాను. మనం ఎంచుకొని చేసినది జమ. అది ఎంచి మనకు చూపించినది ఖర్చు. ఖర్చు ఉండకూడదని కాదు, ఏ సంసారమైనా ఖర్చు లేకుండా నడవదు. జమ కన్నా మించకూడదు, అంతే.

పోగొట్టుకోకూడనిది

ఇక్కడ ఒక సున్నితమైన సంగతి. పూర్వం మనం బతికే ఉన్నామని ఏటా స్వయంగా వెళ్లి రుజువు చేసుకోవలసి వచ్చేది. 2014 నవంబరు 10న జీవన ప్రమాణ్ పద్ధతి వచ్చింది, వేలిముద్రతో ఇంటి దగ్గరే పని జరిగింది. 2021లో ముఖం చూపిస్తే చాలు అనే ఏర్పాటు వచ్చింది. మంచం మీదున్నవారికి, పిల్లల దగ్గర దూరాన ఉంటున్నవారికి ఇది వరం. ఇందులో రెండో మాట లేదు.

అయితే ఆ పాత క్యూ మీకు జ్ఞాపకం ఉందా? ట్రెజరీ మెట్ల మీద, బ్యాంకు బల్లల మీద కూర్చొని మనం ఏడాదికొకసారి కలుసుకునేవాళ్లం. ఎవరి మోకాలు ఎలా ఉంది, ఎవరి అమ్మాయి పురుడు పోసుకుంది, ఎవరు ఈ ఏడు రాలేదు అన్నీ అక్కడే తెలిసేవి. "ఆయన రాలేదేం?" అని ఒకరు అడిగితే మరొకరు తల దించుకొనేవారు. ఇప్పుడు సర్టిఫికెట్టు ఒక్క నిమిషంలో అయిపోతోంది. మనం బతికి ఉన్నట్టు ప్రభుత్వానికి తెలుస్తోంది, తోటివారికి తెలియడం లేదు. ఫోను మనకు ఆదా చేసిన ఆ రోజును మళ్లీ ఫోనుకే ఇచ్చేయడం న్యాయమా? ఆ రోజు పొద్దుటిపూట ఒక మిత్రుడి ఇంటికి వెళ్లి వస్తే, అప్పుడు ఆ సౌకర్యం పూర్తిగా సౌకర్యం అవుతుంది.

ఆడవారి తీరిక సంగతి

సభలో ఉన్న సోదరీమణుల తరఫున కూడా ఒక్క మాట. ఇందాక చెప్పిన 2024 సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవారు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తే మగవారు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మనకు 58 ఏళ్లకో 60 ఏళ్లకో పదవీ విరమణ సభ పెట్టి శాలువా కప్పారు. వంటింట్లో ఉన్నవారికి ఆ సభ ఏనాడూ జరగలేదు. వారు ఫోనును గోడకు ఆనించి ప్రవచనం వింటూ కూర తరుగుతారు. దాన్ని మనం వారి "తీరిక" కింద లెక్క కడతాం. అది తీరిక కాదు, పనికి తోడు. మనం హాల్లో ఫోను చూస్తూ "కాఫీ" అని కేక వేస్తే, మన తీరిక వారి పద్దులో ఖర్చు రాసినట్టే. ఆ ఫోను పక్కన పెట్టి మనమే లేచి రెండు కాఫీలు కలిపితే ఇంటి లెక్క కొంత సరిపడుతుంది. చప్పట్లు ఒకవైపు నుంచే వినబడుతున్నాయి, అర్థమైంది.

ఒక హెచ్చరిక

బదులు పలికే మాధ్యమంలో అవతల బదులు పలికేది ఎప్పుడూ మంచివాడే కానక్కరలేదు. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి "మీ పేరున కేసు ఉంది, డిజిటల్ అరెస్టు చేశాం, ఎవరికీ చెప్పకండి, కెమెరా ముందు నుంచి కదలకండి" అనే ముఠాలు ఉన్నాయి. వారికి కావలసినది పింఛను డబ్బు ఉండి, తీరిక ఉండి, పక్కన మనిషి లేనివారు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్ ప్రసంగంలో ప్రధానమంత్రి గారే చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదని స్పష్టంగా చెప్పారు. ఏ పోలీసూ ఫోనులో అరెస్టు చేయడు, ఏ జడ్జీ వీడియోలో డబ్బు అడగడు. "ఎవరికీ చెప్పవద్దు" అన్న మాట వినగానే ఫోను కట్టేసి, ముందు ఇంట్లో వారికో, పక్కింటి వారికో, మనలో ఒకరికో చెప్పండి. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. సిగ్గుపడి దాచుకోవడం ఆ ముఠాకు సాయం చేయడమే.

కొన్ని సూచనలు

వినడానికి బాగానే ఉంది, ఆచరణ ఏమిటి అంటారేమో. యథాశక్తి కొన్ని మనవి చేస్తాను.

1. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళితే "డిజిటల్ వెల్‌బీయింగ్" అని ఉంటుంది. ఐఫోనులో "స్క్రీన్ టైమ్" అంటారు. మీరు రోజూ ఎంతసేపు, ఏది చూశారో నిమిషాలతో సహా చూపిస్తుంది. వారం రోజులు మీ లెక్క ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరికీ చూపించనక్కరలేదు.

2. యూట్యూబ్‌లో "ఆటోప్లే" అనే మీట ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఒకటి అయ్యాక ఆగిపోతుంది. మీ శుభం కార్డు మీకు తిరిగి వస్తుంది. అవసరం లేని నోటిఫికేషన్లు కూడా కట్టేయండి. పిలవని పేరంటానికి వచ్చేవి అవి.

3. రేడియో రోజుల్లోలా వేళ పెట్టుకోండి. పొద్దున్న వార్తలకు అరగంట, సాయంత్రం పాటలకు ఒక గంట. ఫోనులోనే అలారం పెట్టండి. ముల్లును ముల్లుతోనే తీయాలి. భోజనాల దగ్గర, పడక దగ్గర ఫోను వద్దు.

4. మనవల చేతిలో ఫోను లాక్కోవద్దు. పక్కన కూర్చొని "ఏం చూస్తున్నావురా?" అని అడగండి. అయిపోయాక దాని గురించి రెండు మాటలు మాట్లాడండి. ఇందాక చెప్పిన పూనా రైతులు చేసింది అదే. చూడటం కన్నా కట్టేశాక మాట్లాడుకోవడంలోనే ఫలితం ఉంది.

5. వారానికి ఒక్క పని అయినా జమ ఖాతాలో రాయండి. మీ సర్వీసు జ్ఞాపకం ఒకటి ఫోనులో మాట్లాడి రికార్డు చేయండి. తుపాను నాటి రెవిన్యూ ఉద్యోగి అనుభవం, ఒకే గదిలో అయిదు తరగతులు చెప్పిన మాస్టారి అనుభవం మనతోనే పోకూడదు.

6. చివరిది సంఘానికి. మన వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు వస్తాయి. మంచిదే. కాని ఒక సభ్యుడు పది రోజులుగా పువ్వు పంపలేదని ఎవరు గమనించాలి? కార్యవర్గం వారు ఇంటి నుంచి కదలలేని సభ్యుల జాబితా తయారుచేసి, ఒక్కొక్కరికి ఇద్దరు మిత్రులను అప్పగించాలని ప్రార్థన. వారానికి ఒకసారి ఫోను, నెలకొకసారి స్వయంగా వెళ్లడం. అలాగే నెలకొక శనివారం ఫోను వాడకం తెలిసినవారు తెలియనివారికి నేర్పే ఏర్పాటు చేయాలి. మన మహిళలకు ముందు వరుస ఇవ్వాలి. ఆ తరగతికి నేను వచ్చి నాకు తెలిసినంత చెబుతాను.

మిత్రులారా, ఉద్యోగంలో ఉన్నప్పుడు మన సమయానికి యజమాని ఆఫీసు. హాజరు పట్టీలో సంతకం పెడితే చాలు, రోజు తనంత తానే గడిచేది. పదవీ విరమణతో ఆ సమయం మన చేతికి వచ్చింది. ముప్ఫై, నలభై ఏళ్లు కష్టపడితే దక్కిన ఆస్తి అది. మనకు తెలియకుండానే దాన్ని ఇంకొక యజమానికి రాసి ఇవ్వకుండా, మనం ఎంచుకున్న పనికి, మన ఇంటివారికి, మన తోటివారికి ఖర్చు పెట్టుకుందాం. ఫోను మన కింద పనిచేయాలి, మనం దాని కింద కాదు.

నాకిచ్చిన సమయం అయిందని అధ్యక్షుల వారు గడియారం వైపు చూస్తున్నారు. గంట కొట్టేవారు ఒకరు ఉండటం ఎంత మంచిదో ఇంతసేపూ చెప్పినవాడిని, ఆ గంటను మన్నించకపోతే బాగుండదు. సెలవు తీసుకుంటున్నాను.